కొండ మీద వాన ఎవరు కొలిచారు?

చీడికాడ నుంచి కోనాం జలాశయం మీదుగా ఎగువకు పోతే కొంతదూరం తర్వాత రోడ్డు ఆగిపోయి కాలిబాట మిగులుతుంది. ఆ బాట చివర ఉన్న మన గూడేల్లో కొన్నేళ్ల కిందట భాద్రపద మాసంలో ఒక రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారేసరికి గెడ్డ రెండు గట్లూ దాటి పారుతోంది. గట్టు వారన ఉన్న చోడి చేను కోసుకుపోయింది. జీడిమామిడి మొక్కలు వేళ్లతో సహా కొట్టుకుపోయాయి. ఒక తాత నష్టం చెప్పుకుందామని కొండ దిగి ఒక కార్యాలయానికి వెళ్లాడు. అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, పుస్తకం తిరగేసి, "ఆ రోజు వాన సున్నా అని ఉంది తాతా" అన్నాడు. "ఆ పుస్తకం మా కొండ ఎక్కిందా బాబూ?" అని అడిగి తాత తిరిగి వచ్చేశాడు.

ఆ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు. కింద పల్లంలో పెట్టిన వానమాపకంలో ఆ ఉదయం చుక్క నీరు లేదు. తాత కూడా అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ నిజమే చెప్పినా నష్టం మాత్రం తాతకే మిగిలింది. ఆ రోజు నుంచి మమ్మల్ని ఒక ప్రశ్న వదల్లేదు. మన కొండల మీద పడిన వానను, కాసిన ఎండను, కురిసిన మంచును ఎవరైనా ఎప్పుడైనా కొలిచి రాశారా? రాయకపోతే, "కాలం మారిపోయింది" అని మన పెద్దలు చెప్పే మాటకు రుజువు ఎక్కడ ఉంది? ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

మన చరిత్ర అనగానే ఫితూరీలు, ముఠాదారులు, 1922-24 మన్యం పోరాటం గుర్తుకొస్తాయి. అవి చదవాల్సినవే. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి వేరు చేస్తూ 1839లో ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసింది. అప్పటి నుంచి మన కొండల్లో ఎవరు ఎదురు తిరిగారు, ఎవరిని పట్టుకున్నారు, ఎవరికి ముఠా ఇచ్చారు అన్నవన్నీ దొరలు తారీఖులతో సహా రాసుకున్నారు. వాన తారీఖులు మాత్రం కచేరీ ఉన్న చోటే రాశారు. కచేరీ లేని కొండకు వానల చరిత్ర లేదు.

అయితే మన జిల్లాలో ఆకాశాన్ని కొలిచే పని చాలా ముందే మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది ఒక తెలుగువాడే. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వెళ్లి, అక్కడి నక్షత్రశాలలో ఖగోళవేత్తగా ఉన్న టేలర్ దగ్గర శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నిలబెట్టి, ఓడలకు సరైన సమయం తెలిసేలా ఏర్పాటు చేశాడు. 1856లో ఆయన చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నాడు. 1874లో శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి దాటడాన్ని ఆయన అక్కడి నుంచే గమనించాడు. నక్షత్రాలతో పాటు వాతావరణం కొలతలు కూడా అక్కడ రాసేవారు. మామ మొదలుపెట్టిన పనిని అల్లుడు ఆపకుండా సాగించడం మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఎందుకో ముందు ముందు చెబుతాం.

వేధశాల పుట్టింది సముద్రం ఒడ్డున. కొలతలు ఓడలకు, రేవుకు అవసరం కాబట్టి ముందు అక్కడే వచ్చాయి. దేశమంతటా జరిగిన కథ కూడా ఇదే. 1864లో కలకత్తాను పెద్ద తుపాను ముంచింది. 1866లో, 1871లో వానలు తప్పాయి. ఈ దెబ్బల తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధికారి అయ్యాడు. మరుసటి ఏడాది అక్టోబరులోనే విశాఖపట్నాన్ని తుపాను కొట్టింది. అదే నెలాఖరున ఇప్పటి బంగ్లాదేశ్‌లోని బాకర్‌గంజ్‌ను ఇంకా ఘోరమైన తుపాను ముంచింది. ఈ రెండింటి మీదా జాన్ ఎలియట్ అనే అధికారి ఒక నివేదిక రాశాడు. తీరాన్ని దాటిన తుపాను మబ్బు తర్వాత కొండల మీదకే వస్తుంది. మన గెడ్డలు పొంగేది అప్పుడే. కానీ ఆ రాత్రి శారదా నది పుట్టే మాడుగుల కొండల్లో ఎంత వాన పడిందో కొలిచే సాధనం అక్కడ లేదు.

కొండలను అసలు కొలవలేదని కాదు. నీలగిరుల్లో 8,640 అడుగుల ఎత్తున ఉన్న దొడ్డబెట్ట మీద తీసిన వాతావరణ కొలతల్ని కల్నల్ సైక్స్ 1850లోనే అచ్చు వేశాడు. దొరలకు ఎండ పడదు కాబట్టి చల్లని కొండలు కావలసి వచ్చాయి. ఏ కొండ ఎంత చల్లగా ఉంటుందో తెలియాలంటే కొలవాలి కదా. మన వైపు అనంతగిరి దగ్గర గాలికొండ మీద కూడా సైనికులకు ఆరోగ్య స్థావరం పెట్టాలని 1860 ప్రాంతంలో ప్రయత్నించారు. మన్యం జ్వరం వాళ్లను నిలవనీయలేదు. వాళ్లు వెళ్లిపోయారని మనకు బాధ లేదు గానీ, ఒక్క ఉష్ణమాపకం, ఒక్క వానమాపకం వదిలి, రాసే మనిషిని ఉంచి వెళ్లి ఉంటే ఈ రోజు మన దగ్గర నూట అరవై ఏళ్ల లెక్క ఉండేది.

వానమాపకాలు తాలూకా కచేరీలకు చేరింది శిస్తు కోసం. పంట పండిందా, ఎండిందా, రిమిషన్ ఇవ్వాలా వద్దా అన్నది వాన లెక్కను బట్టి తేల్చేవారు. అప్పట్లో కొలత అంగుళాల్లోనూ సెంట్లలోనూ ఉండేది. మా ముసలాళ్లు ఇప్పటికీ "రెండంగుళాల వాన" అంటారు, మిల్లీమీటర్లు వాళ్ల నోటికి రావు. శిస్తు కోసం పుట్టిన లెక్కను తప్పు పట్టనక్కరలేదు. అలాంటి లెక్కే లేకపోతే పల్లానికి కూడా చరిత్ర ఉండేది కాదు. మన పోడుకు శిస్తు లెక్క సరిగా లేదు, అందుకే వాన లెక్కా లేదు.

ఇక్కడ ఉపాధ్యాయులు పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది. "విశాఖపట్నం జిల్లా సగటు వర్షపాతం" అని ఏదైనా పాత పుస్తకంలో కనిపిస్తే, ఏ విశాఖపట్నం అని అడగాలి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం, కోరాపుట్ కొండలు అటు పోయాయి. 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో విజయనగరం విడిపోయింది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా, అనకాపల్లి జిల్లా వచ్చాయి. మన చీడికాడ అనకాపల్లి జిల్లాలోకి చేరింది. పేరు అదే ఉన్నా కింద ఉన్న నేల నాలుగుసార్లు మారింది. వాన ఎక్కువ పడే కొండలు లెక్కలోంచి తీసేస్తే సగటు తగ్గుతుంది. దాన్ని చూసి "వానలు తగ్గాయి" అని రాసేస్తే అది వాతావరణంలో మార్పు కాదు, పటంలో మార్పు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. చోడవరం తాలూకా లెక్కనూ చీడికాడ మండలం లెక్కనూ అతికించి ఒకే గీతగా గీస్తే పొరపాటే. నమ్మకమైన లెక్క కావాలంటే ఒకే చోట, ఒకే సాధనంతో, ఒకే వేళకు, ఏళ్ల తరబడి కొలవాలి. ఏదైనా మారితే ఎప్పుడు మారిందో పక్కన రాయాలి.

కొలత అంటే ఏమిటో కూడా చెప్పుకుందాం. ప్రతి ఉదయం 8 గంటల 30 నిమిషాలకు వానమాపకంలో నీరు కొలిచి, గడచిన 24 గంటల వానగా రాస్తారు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే దాన్ని వాన పడిన రోజుగా లెక్కిస్తారు. 64.5 దాటితే భారీ వాన. మాపకం చుట్టూ చెట్టు గానీ గోడ గానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో మాపకం పెట్టాలి. ఉష్ణమాపకానికి నీడ కావాలి, గాలీ ఆడాలి. అందుకే దాన్ని సందులున్న తెల్ల చెక్కపెట్టెలో, నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున ఉంచుతారు. మన దేశంలో పెట్టె తలుపు ఉత్తరానికి తిప్పి ఉంటుంది, తెరిచినప్పుడు ఎండ లోపల పడకుండా. ఆ పెట్టెను తయారుచేసింది స్కాట్లండుకు చెందిన థామస్ స్టీవెన్‌సన్. పిల్లలకు తెలిసిన 'ట్రెజర్ ఐలండ్' కథ రాసినది ఆయన కొడుకే.

ఇవన్నీ పల్లానికి ఒక కేంద్రంతో సరిపోవచ్చు. కొండకు సరిపోవు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. తూర్పు కనుమల్లో ఎత్తైన ఆర్మకొండ 1,680 మీటర్లు. చోడవరం పల్లంలో నిలబడిన మనిషికీ ఆర్మకొండ ఎక్కిన మనిషికీ మధ్య ఒకే రోజు, ఒకే వేళకు దాదాపు పది డిగ్రీల తేడా ఉండవచ్చు. వాన సంగతి ఇంకా చిక్కు. తడిగాలి కొండకు తగిలి పైకి లేస్తే చల్లబడి అక్కడే కురుస్తుంది, అవతలి వాలుకు దిగేసరికి పొడిబారుతుంది. వేసవి మధ్యాహ్నం ఉరుముల వాన ఒక కొండను తడిపి పక్క కొండను వదిలేయడం మనం ఎన్నిసార్లు చూడలేదు? అందువల్ల మండల కేంద్రంలోని మాపకం ఎంత సరిగ్గా పనిచేసినా అది కోనాం ఎగువ గూడేల గురించి ఏమీ చెప్పలేదు. ఈ మధ్య కాలంలో మండలాల్లో తనంతట తానే కొలిచి పంపే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చాయి. మంచిదే. అవి కూడా ఎక్కువగా రోడ్డు, కరెంటు, సిగ్నల్ ఉన్న చోటే ఉంటాయి. కరవు మండలం ప్రకటనకైనా, వాతావరణ ఆధారిత పంటల బీమాకైనా చూసేది ఈ లెక్కలనే. మన కొండ శివారు గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు, పల్లం మండలంలో కలిసి ఉన్నాయి. అందుకే ఆ తాతకు వచ్చిన సమాధానం మనలో ఎవరికైనా రావచ్చు.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. ఎత్తుకు పోయేకొద్దీ భూమి ఎక్కువ వేగంగా వేడెక్కుతోందా అని ప్రపంచ పర్వతాలన్నిటినీ పరిశీలించిన శాస్త్రవేత్తల బృందం ఒకటి 2015లో తన సమీక్ష ప్రచురించింది. అలా వేడెక్కుతున్నట్టు సాక్ష్యాలు ఉన్నాయని, కానీ ఎత్తైన చోట్ల కొలత కేంద్రాలు బాగా తక్కువని చెప్పింది. హిమాలయాలకూ అదే లోటు, మన కనుమలకూ అదే.

ఇప్పుడు లంబసింగి సంగతి చెప్పాలి, మన పిల్లలు ఎక్కువగా అడిగేది దాని గురించే. డిసెంబరు వస్తే పత్రికల్లో "లంబసింగిలో సున్నా డిగ్రీలు" అని వస్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ ప్రాంతంలో చాలాకాలంగా పద్ధతి ప్రకారం కొలిచి రాస్తున్నది చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం. అక్కడి లెక్కకూ, టీకొట్టు బయట తగిలించిన ఉష్ణమాపకం లెక్కకూ, పర్యాటకుడి కారు అద్దం మీద కనిపించే అంకెకూ తేడా ఉంటుంది. అయితే గడ్డి మీద తెల్లగా మంచు గడ్డకట్టింది, మా కళ్లతో చూశాం అని అక్కడివాళ్లు అంటే అదీ నిజమే. మబ్బులేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి, నాలుగడుగుల ఎత్తున పెట్టెలో ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. పెట్టెలో మూడు డిగ్రీలు చూపిస్తున్నప్పుడు గడ్డి మీద నీరు గడ్డకట్టవచ్చు. పైగా చల్లగాలి బరువైనది, వాలుల మీద నుంచి జారి గిన్నెలాంటి లోయలో నిలుస్తుంది. కాబట్టి చూసిన మనిషిని అబద్ధాలకోరు అనకూడదు, అంకెను కూడా తప్పు అనకూడదు. ఎక్కడ, ఎంత ఎత్తున, ఏ వేళకు అని అడగాలి. ఇవి చెప్పని అంకె వార్తకు పనికొస్తుంది గానీ, ముప్పై ఏళ్ల తర్వాత చలి తగ్గిందా పెరిగిందా తేల్చడానికి పనికిరాదు.

మరి మన పెద్దల జ్ఞాపకం? అది లెక్క కాదా? మా అభిప్రాయంలో అది సాక్ష్యమే, కానీ తారీఖు లేని సాక్ష్యం. ఇప్పపువ్వు ఎప్పుడు రాలింది, జీలుగు చెట్టు ఎప్పుడు కల్లిచ్చింది, కొర్ర కొత్త ఎప్పుడు తిన్నాం, గెడ్డ ఏ నెలలో ఎండింది అన్నవన్నీ మన పెద్దలకు తెలుసు. రాసిపెట్టలేదు అంతే. జపాన్ కొండల్లో సువా అనే సరస్సు ఉంది. చలికాలంలో అది గడ్డకట్టి, మంచు పగిలి గట్టులా లేస్తుంది. దేవత ఆ దారిన నడిచి వెళ్లిందని అక్కడి నమ్మకం. అక్కడి పూజారులు 1443 నుంచి ఏటా ఆ రోజును రాస్తూ వచ్చారు. ఉష్ణమాపకం పుట్టకముందు మొదలైన లెక్క అది. ఈ మధ్య చాలా ఏళ్లు ఆ సరస్సు గడ్డకట్టడం లేదని అదే పుస్తకం చెబుతోంది. క్యోటో నగరంలో చెర్రీపూలు విచ్చే రోజు లెక్కలు తొమ్మిదో శతాబ్దం దాకా పోతాయి. 2021లో మార్చి 26నే పూలు నిండుగా విచ్చాయి. పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అప్పటిదాకా అంత తొందరగా ఎప్పుడూ లేదు. ఆ పూజారులు చేసింది శాస్త్రం కోసం కాదు, భక్తితో. అయినా పని జరిగింది.

మన మామిడి కొత్త, ఇటుకల పండుగ కూడా అలాంటివే అనిపిస్తుంది. కానీ ఇక్కడ జాగ్రత్త కావాలి. మన పండుగ తేదీని ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. చేతిలో డబ్బు, ఊరిలో చావు, తిథి, వారం ఇవన్నీ చూస్తారు. పండుగ ఆలస్యమైతే మామిడి ఆలస్యమైందని కాదు. అందుకే పండుగ రోజును ఒక గడిలో, ఫలానా చెట్టు నుంచి మొదటి పండు రాలిన రోజును ఇంకో గడిలో రాయాలి. చెట్టు కూడా ఏటా అదే అయి ఉండాలి.

ఇక మా సొంత కథ. కొన్నేళ్ల కిందట మేము ఒక కొండ బడిలో వానమాపకం పెట్టాం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, గరాటులా తిప్పి బిగించి, అడుగున గులకరాళ్లు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యే చోటు దాకా నీరు పోసి దాన్ని సున్నా గీతగా పెట్టాం. పక్కన స్కేలు అతికించాం. గర్వంగా బడి చూరు పక్కనే పాతాం. నెల తర్వాత చూసుకుంటే మా బడిలో చిరపుంజిలాగా వాన పడుతోంది! చూరు నీరంతా చింది అందులోకే వస్తోంది. తీసి మైదానం మధ్యలో పెట్టాం. ఆ నెల లెక్క కొట్టేయలేదు. ఎర్ర సిరాతో "చూరు పక్కన, నమ్మవద్దు" అని రాశాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆదివారాలు, సెలవులు వచ్చినప్పుడు ఎవరూ కొలవలేదు. పుస్తకం ఖాళీగా కనిపిస్తే మాస్టారు కోప్పడతారేమోనని, పుస్తకం రాసే ఏడో తరగతి కుర్రాడు ఖాళీ గళ్లన్నీ సున్నాలతో నింపేశాడు. దసరా సెలవుల తర్వాత చూస్తే పది రోజులకు పైగా వరసగా సున్నాలే. అందులో ఒక రోజు మేమే వానలో తడిసి ఇంటికి చేరిన రోజు! పిల్లాణ్ణి తిట్టబోయి ఆగిపోయాం. ఆ తాతకు కార్యాలయంలో చూపిన సున్నా గుర్తొచ్చింది. అక్కడ ఉద్యోగి కొలిచి రాసిన సున్నా పల్లానికి నిజం. కొండకు అసలు కొలతే లేదు. కొండ గడి ఖాళీ. ఆ ఖాళీని సున్నా అని చదివారు. మా కుర్రాడు చేసినదీ, రెండు వందల ఏళ్లుగా మన కొండలకు జరుగుతున్నదీ ఒకటే. మర్నాడు తరగతిలో బోర్డు మీద రెండు గళ్లు గీశాం. ఒకదానిలో సున్నా వేశాం, ఒకటి ఖాళీగా వదిలాం. "సున్నా అంటే చూశాం, లేదు. ఖాళీ అంటే చూడలేదు" అని చెప్పాం. ఆ కుర్రాడే లేచి, "మరి చూడనప్పుడు ఏమి రాయాలి సార్?" అని అడిగాడు. 'చూ' అని రాయమన్నాం, చూడలేదు అని గుర్తు. ఇప్పటికీ ఆ పుస్తకంలో 'చూ'లు చాలానే ఉన్నాయి. మాకు సిగ్గు లేదు. రోజులు గడిచాక మాపకంలో మొత్తం నీరు ఉంటే, ఇన్ని రోజులకు కలిపి ఇంత అని రాస్తాం, ఒక్క రోజు ఖాతాలో వేయం.

ఖాళీలు పెద్దవాళ్లకూ వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, అక్కడి వాతావరణ రాడారే ఆ గాలికి పనిచేయకుండా పోయింది. అత్యవసరమైన గంటల్లో లెక్క ఆగింది. ఆ తుపానుకు మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు ఎన్నో కూలిపోయాయి.

సీసాతో కొలిచే పిల్లల లెక్కను ఎవరు నమ్ముతారని కొందరు మిత్రులు నవ్వారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పాదాన ఫోర్ట్ కాలిన్స్ అనే పట్టణం ఉంది. 1997 జూలైలో ఆ పట్టణంలో ఒక వైపు కొన్ని గంటల్లో అడుగుకు మించి వాన పడి వరద వచ్చింది, ఐదుగురు చనిపోయారు. పట్టణంలోనే ఇంకోవైపు పడింది మామూలు వానే. ఉన్న కొద్ది మాపకాలు ఆ తేడాను పట్టుకోలేకపోయాయి. మరుసటి ఏడాది అక్కడి విశ్వవిద్యాలయంవారు ఇంటింటికీ, బడిబడికీ వానమాపకాలు పెట్టించి, మామూలు జనంతోనే కొలిపించడం మొదలుపెట్టారు. కోకోరాజ్ అనే ఆ పని తర్వాత దేశమంతా పాకింది. వాళ్లు కోరేది ముఖ్యంగా రెండే: అందరూ ఒకే రకం మాపకం వాడాలి, వాన పడని రోజు కూడా సున్నా అని పంపాలి. మన సీసా ఆ స్థాయిది కాదు, ఒప్పుకుంటాం. వీలైన బడి ప్రమాణమైన మాపకం ఒకటి సంపాదించి, ఒక ఏడాది దాన్నీ సీసానూ పక్కపక్కన పెట్టి కొలిస్తే సీసా ఎంత తప్పు చెబుతుందో తేలిపోతుంది.

ఇంకో పని యువకులది. కొత్తగా కొలవడమే కాదు, పాతవి దొరికితే కాపాడాలి. స్కాట్లండులో బెన్ నెవిస్ కొండ మీద 1883 నుంచి 1904 వరకు పగలూ రాత్రీ గంటగంటకూ కొలిచి రాశారు. డబ్బు లేక కేంద్రం మూతపడింది. పుస్తకాలు మాత్రం మిగిలాయి. 2017లో వేలమంది వాలంటీర్లు ఆ పేజీల బొమ్మలు చూసి అంకెలను కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఆస్ట్రియాలో 3,100 మీటర్ల ఎత్తున ఉన్న సోన్‌బ్లిక్ కేంద్రం 1886లో మొదలై నేటికీ నడుస్తోంది. మన దగ్గర అంతటివి లేకపోయినా వెతకవలసిన చోట్లు ఉన్నాయి. పాత తాలూకా కచేరీల వాన రిజిస్టర్లు, జలాశయాల దగ్గర రోజూ రాసే నీటిమట్టం పుస్తకాలు, కాఫీ తోటల డైరీలు. చెదలు వాటిని మనకన్నా ముందే చదివేస్తున్నాయి. చేతిలో సెల్‌ఫోన్ ఉన్న కుర్రాళ్లు అనుమతి అడిగి పేజీకి ఒక ఫోటో తీస్తే చాలు. అంకెల అర్థం తర్వాత తేల్చుకోవచ్చు. ఫోటోలో పుస్తకం పేరు, ఊరు, సంవత్సరం కనిపించాలి, లేకపోతే ఆ శ్రమ వృథా.

వాతావరణం మారిందని చెప్పడానికి శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్ల సగటును ఆధారం చేసుకుంటారు. ఒక ఏడాది కరవు, ఒక ఏడాది వరద చూసి తేల్చరు. మాకు నలభై దాటాయి, ఉద్యోగం ఇంకో పదిహేను, పదహారేళ్లు. ఈ మధ్యలో ఎన్ని బదిలీలో తెలియదు. అంటే మేము మొదలుపెట్టిన పుస్తకాన్ని మేము ముగించలేం. జగ్గారావు తర్వాత నరసింగరావు ఉన్నట్టు ఎవరో ఒకరు ఉండాలి. అందుకే పుస్తకాన్ని మాస్టారి బీరువాలో కాకుండా ఊరి చేతిలో పెట్టాం.

ఎండాకాలం సెలవుల్లో ఎవరు కొలవాలన్నది చివరిదాకా తెగలేదు. బడి పక్కనే ఉండే ఒక అవ్వ తాను చూస్తానంది. ఆమెకు అంకెలు రావు. పిల్లలు ఆమెకు ఒక వెదురు పుల్ల ఇచ్చారు. ఉదయం రేడియోలో వార్తలు అయ్యాక ఆ పుల్లను సీసాలో నిలబెట్టి, తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ కత్తితో చిన్న గాటు పెడుతుంది. రోజుకో పుల్ల. వాన లేని రోజు పుల్లకు గాటు ఉండదు గానీ, పుల్ల మాత్రం కట్టలో చేరుతుంది. తాను ఊళ్లో లేని రోజుకు పుల్ల బదులు ఒక అడ్డాకు ఈనె పెడుతుంది. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ కట్ట విప్పి, వరస తప్పకుండా ఒక్కొక్క గాటునూ స్కేలుతో కొలిచి పుస్తకంలో ఎక్కించాం. ఈనెలు నాలుగు ఉన్నాయి. ఆ నాలుగు గళ్లలో 'చూ' అని రాశాం.